మూడు గంటల దారి, మూడు రోజుల చేప

పోయిన వారం కథ ఆపి మనం ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి లీటియా నోట్లో చేప ముక్క ఉంది. ఒట్టావా నగరంలో మూడో అంతస్తు మీద ఒక చిన్న అద్దె ఇల్లు. నేలమీద పరిచిన అట్టముక్క చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. కిడ్నీలు చెడిపోయి, ఎనిమిది నెలలుగా ఆసుపత్రి మిషను దయవల్ల బతుకుతున్న ముసలావిడ లీటియా. తల్లికి తోడుగా ఇల్లు వదిలి వచ్చిన కూతురు ఉలాయు. ఆ మధ్యాహ్నమే, దూరాన ఉత్తరాది మంచులో ఉన్న తమ ఊరు ఇకాలుయిట్ నుంచి విమానం దిగి నేరుగా వచ్చానన్న ఉలాయు భర్త జోమీ. ముగ్గురి మధ్య జోమీ తెచ్చిన చార్ అనే చల్లనీళ్ళ చేప, రాయిలా గడ్డకట్టి ఉంది. లీటియా పచ్చి ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"ఈ చేప రెండుసార్లు చచ్చింది" అంది.

మామూలుగా లీటియా ఏదన్నా అంటే ముందు నవ్వేది జోమీయే. ఈసారి అతను నవ్వబోయాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"అంటే ఏంటత్తా?"

"అంటే అదే. ఒకసారి నీ గాలానికి చచ్చింది. గడ్డకట్టింది. బాగానే ఉంది. తర్వాత కరిగింది. మళ్ళీ గడ్డకట్టింది. నా పళ్ళు పోయాయి గానీ నాలుక ఇంకా పోలేదయ్యా." నోట్లో ముక్కని వేళ్ళతో తీసి అట్టమీద పెట్టింది. "చూడు, నీళ్ళోడుతోంది. తడిసిన దూదిలా ఉంది. మంచు మీద బిగుసుకున్న చేప ఇలా ఉంటుందా? పలుకులా విరగొద్దూ?"

ఉలాయు అర్ధచంద్రం కత్తితో తనూ ఒక ముక్క తీసింది. సోయా సాస్‌లో ముంచకుండానే నోట్లో వేసుకుంది. అమ్మ పొరబడితే బాగుండునని ఆమెకి ఎంత అనిపించిందో చెప్పలేం. అమ్మ పొరబడలేదు.

ఇకాలుయిట్ నుంచి ఒట్టావాకి రోడ్డు లేదు, రైలు లేదు. విమానమే దారి. మూడు గంటలు. గాలి అడ్డొస్తే ఇంకాస్త. అటునుంచి ఎవరు బయల్దేరుతున్నా, ఎవరో ఒకరు పరుగున వచ్చి టేపు చుట్టిన ఒక పెట్టె చేతిలో పెట్టి, ఫలానావాళ్ళకి ఇచ్చేయమంటారు. కాదనేవాళ్ళు ఉండరు. ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంటికి అలాంటి పెట్టెలు చాలా వచ్చాయి. టేపు విప్పితే చేప మీద నుంచి చల్లటి పొగ లేచేది. వేలు ఆనిస్తే అతుక్కునేది. ఒక్క పెట్టెలోనూ చేప మెత్తబడలేదు.

ఉలాయుకి అది తిండి మాత్రమే కాదు, కొలత కూడా. ఆరేళ్ళ కూతుర్ని అక్కడ వదిలిపెట్టి ఇక్కడ ఉండగలుగుతోందంటే ఆ కొలత వల్లే. గుబులు పుట్టినప్పుడల్లా ఆమె తనకి తాను ఒక్కటే మాట చెప్పుకునేది. చేప కరిగేలోపు ఇంటికి చేరిపోగలను, అంత దగ్గర్లోనే ఉన్నాను అని.

ఇప్పుడు ఎదురుగా కరిగిన చేప ఉంది.

"విమానంలో వేడి ఎక్కువ పెట్టారేమో" అన్నాడు జోమీ.

"సామాన్లు పడేసే చోటా? వేడా?" లీటియా కళ్ళు చిన్నవి చేసి చూసింది. "పైన సీట్లో కూర్చున్న నాకే కాళ్ళు కొయ్యబారిపోతాయి. చేపకి ప్రత్యేకంగా దుప్పటి కప్పారా?"

"అలా కాదత్తా. బయల్దేరేముందు గాలి ఎక్కువైందని కాసేపు ఆపేశారు. నేను పెట్టె తీసుకెళ్ళి హీటర్ పక్కన పెట్టి టీకి వెళ్ళా. వాళ్ళూ వీళ్ళూ కనిపించారు, మాటల్లో పడ్డా. అక్కడ కరిగుంటుంది. పైకెళ్ళాక విమానం కడుపులో మళ్ళీ గడ్డకట్టుంటుంది. దీనికింత రాద్ధాంతమా?"

ఆ మాట ఉలాయుకి నచ్చింది. నచ్చడమేమిటి, పట్టుకుని వేలాడాలనిపించింది. జోమీ ఆ విమానాశ్రయంలోనే పనిచేస్తాడు. రన్‌వే మీద మంచు తోసే పెద్ద బండి అతనిదే. వాళ్ళందరినీ ఎరిగినవాడు, మాటల్లో పడితే లోకం మర్చిపోయేవాడు. అలా జరిగే ఉంటుంది. జరగకూడదని ఏముంది?

కానీ చేతులు ఊరుకోవు కదా. ఇంకో ముక్క తీద్దామని చేపని అవతలివైపుకి తిప్పింది.

గడ్డకట్టిన నీటికి తొలిచిన రంధ్రంలోంచి లాగిన చేపని మంచు మీద పడేస్తే కాసేపు కొట్టుకుంటుంది. తర్వాత చాచిన చెయ్యిలా తిన్నగా బిగుసుకుపోతుంది. అలాంటి చేపల్ని కట్టెల్లా చంకలో పెట్టుకుని పెరిగిన పిల్ల ఉలాయు. ఈ చేప తిన్నగా లేదు. ఇరుకు మంచం మీద ముడుచుకుని పడుకున్నట్టు తోక ఒకవైపుకి వంగిపోయింది. కిందవైపు చర్మం మీద సన్నటి గీతలు ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, సమానంగా, దువ్వెన పెట్టి నొక్కినట్టు. గోటితో ఒక గీత వెంట గీసి చూసింది. లోతుగానే దిగింది.

"హీటర్ పక్కన పెట్టానన్నావు" అంది.

"ఊఁ."

"విమానం కడుపులో గడ్డకట్టిందన్నావు."

"చెప్పాగా."

"విమానం కడుపులో ఇనప తీగల అర ఉంటుందా జోమీ?"

జోమీ చేప వైపు చూశాడు. గీతల వైపు చూశాడు. చేతిలో ఉన్న రొట్టె ముక్కని రెండు చేసి, రెండూ మళ్ళీ అట్టమీదే పెట్టేశాడు.

"ఈ ఊళ్ళో ఎవరి ఫ్రీజర్లో పెట్టావు?" అంది ఉలాయు. గొంతు పెంచలేదు. ఆమెకి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. జోమీకి ఆ సంగతి తెలుసు.

"నువ్వు ఏదేదో ఊహించుకుంటున్నావ్."

"ఊహించుకోవడానికి నువ్వే చోటిచ్చావు. చొక్కా చూడు. ఉతికి మడతపెట్టిన చొక్కా. సబ్బు వాసన. మూడు గంటలు సీట్లో నలిగి వచ్చినవాడి చొక్కా ఇలాగే ఉంటుందా? ఎవతి ఉతికింది?"

"ఉలాయూ!"

"ఆగండాగండి" అంది లీటియా. టీ గ్లాసు రెండు చేతుల్లోనూ పట్టుకుని ఊదుకుంటోంది. "అది కాదులేవే. ఆడదాని దగ్గరికి పోయేవాడు చేపని దాచిపెట్టమని ఇచ్చి మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాడా? చేప ఆవిడకే ఇచ్చేసేవాడు. మనకి కబుర్లు తెచ్చేవాడు."

ఇంకో సమయంలో అయితే ముగ్గురూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ మాటలో ఉన్న లెక్క ఉలాయు బుర్రలోకి నిదానంగా దిగింది. చేపని చూసి ఇది ఉలాయు వాళ్ళదని తెలిసి, పాడవకుండా దాచి, చొక్కా ఉతికి మడతపెట్టి పంపిన మనిషి. ఈ నగరంలో నిలువెత్తు ఫ్రీజరు ఉన్న సొంతమనిషి ఒక్కతే.

"సియాసీ" అంది.

జోమీ తలూపాడు.

సియాసీ జోమీ అక్క. పదేళ్ళుగా ఒట్టావాలోనే ఉంటోంది. ఆవిడకి పిల్లల్లేరు. ఉలాయుకి బిడ్డ పుట్టిన వారానికే ఆవిడ ఇకాలుయిట్ వచ్చి, అందరి ముందూ నేలమీద కూర్చుని, ఈ బిడ్డని నాకివ్వు అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో బిడ్డని ఇచ్చుకోవడం, తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ఉలాయు పెద్దన్న మేనత్త ఇంట్లోనే పెరిగాడు. ఎవరి బిడ్డో బిడ్డకీ తెలుసు, ఊరికీ తెలుసు. తలుపులు తీసి పెట్టుకుని, పెద్దల ముందు మాట్లాడుకుని చేసే పని అది.

ఉలాయు మాత్రం ఇవ్వనంది. కారణం బిడ్డ పేరు. ఉలాయు తండ్రి అకావాక్ చనిపోయిన నెలకి పుట్టింది ఆ పిల్ల. ఆయన పేరే పెట్టారు. పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. ఆడపిల్లయినా సరే, ఉలాయు ఆ పిల్లని "నాన్నా" అనే పిలుస్తుంది. లీటియా "ఏమయ్యా" అంటుంది. ఆరేళ్ళ అకావాక్ కూడా తక్కువది కాదు, తల్లిని "అమ్మాయ్" అని, అమ్మమ్మని "ఏమేవ్" అని పిలుస్తుంది. మా నాన్న వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు, ఆయన్ని ఎత్తి ఎవరి చేతిలోనో ఎలా పెడతాను అంది ఆ రోజు ఉలాయు. సియాసీ లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పండగలకి కానుకలు పంపింది. కానీ ఉలాయుతో తిన్నగా కళ్ళు కలిపి మాట్లాడలేదు.

"ఎప్పుడొచ్చావు?" అంది ఉలాయు.

"మొన్న."

"మొన్న!" లీటియా గ్లాసు కింద పెట్టింది.

"మొన్న మధ్యాహ్నం. పెట్టె వాళ్ళ హాల్లో పెట్టి మర్చిపోయా. తెల్లారి చూస్తే అట్టంతా తడి. మెత్తబడిపోయింది. అక్క తిడుతూ ఫ్రీజర్లో పెట్టింది." జోమీ తల ఎత్తలేదు. "నా చేత్తో పట్టిన చేప. నాకు మాత్రం బాధుండదా?"

"చేప సంగతి తర్వాత. రెండు రాత్రులు ఇదే ఊళ్ళో ఉండి నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"పని గురించి అక్కతో మాట్లాడాలి. గనిలో పని దొరికింది ఉలాయూ. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంటి దగ్గర. మంచి పని. మళ్ళీ మళ్ళీ పిలవరు."

"మంచిదే. మరి నువ్వు గనికి వెళ్ళిన రెండు వారాలూ నాన్నని ఎవరు చూస్తారు? మీ అమ్మ మోకాళ్ళు పట్టేసి మంచం దిగట్లేదని నువ్వేగా చెప్పావు?"

కిటికీ బయట రోడ్డు మీద మంచు తోసే బండి ఒకటి గరగరమంటూ పోయింది. అలవాటుకొద్దీ జోమీ తల అటు తిప్పాడు. అతను ఆ శబ్దం వెనక దాక్కుంటున్నాడని ఉలాయుకి అనిపించింది.

మొన్న సాయంత్రం ఆమె ఇంటికి ఫోన్ చేస్తే, పిల్ల నిద్రపోయిందని అత్తగారు చెప్పింది. నిన్న చేస్తే, బళ్ళో పండగ పాటల సాధనకి వెళ్ళిందంది. రెండుసార్లూ అత్తగారి గొంతు కాస్త తొందరపడింది. మోకాళ్ళ నొప్పి అనుకుంది ఉలాయు. ఇప్పుడు ఆ తొందరకి వేరే అర్థం కనిపిస్తోంది.

"ఫోన్ చెయ్యి" అంది.

"ఎవరికి?"

"మా నాన్నకి."

"ఇప్పుడు బడిలో..."

"మూడున్నర. బడి వదిలేశారు. చెయ్యి."

జోమీ జేబులోంచి ఫోన్ తీశాడు. కొంచెం పక్కకి తిరిగి, ఏ నంబరు నొక్కుతున్నాడో కనపడకుండా నొక్కాడు. అవతల ఎవరో ఎత్తారు. అతని మొహం మారిపోయింది. ఎవరి గొంతు వస్తుందనుకున్నాడో ఆ గొంతు కాదు వచ్చింది. నోరు తెరిచేలోపే ఉలాయు ఫోన్ లాక్కుని, మాట అందరికీ వినపడేలా నొక్కి "నాన్నా?" అంది.

"అమ్మాయ్!" అంది అవతల చిన్న గొంతు.

ఉలాయు ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుంది. "నాన్నా! ఏం చేస్తున్నావ్?"

"ఆట ఆడుకుంటున్నా, ఫోన్లో. నువ్వు చేశావుగా, ఆగిపోయింది. గెలిచేదాన్ని."

"అయ్యో. తిన్నావా?"

"తిన్నా, బిస్కెట్లు. ఏమేవ్ ఏది? మిషను దగ్గరికి వెళ్ళిందా?"

"ఇక్కడే ఉన్నానయ్యా" అంది లీటియా పక్కనుంచి. "పొద్దున్నే వెళ్ళొచ్చా."

"మంచిది. రోజూ వెళ్ళు, పేచీ పెట్టకు." పెద్దమనిషి తరహాలో చెప్పింది పిల్ల. "అమ్మాయ్, నాకసలు ఏం కనపడట్లేదు."

"ఏం నాన్నా?"

"ఎండ. కళ్ళల్లో పొడుస్తోంది."

ఉలాయు గోడ వైపు చూసింది. వాళ్ళ గదిలో కూడా ఒక పసుప్పచ్చటి ఎండ పట్టీ గోడ మీదికి ఎక్కి ఉంది.

ఆ రెండు ఊళ్ళకీ గడియారం ఒకటే. ఇక్కడ మూడున్నర అయితే అక్కడా మూడున్నరే. సూర్యుడు మాత్రం ఒకటి కాదు. డిసెంబరులో ఇకాలుయిట్ మనుషులు మధ్యాహ్నం తిని చెయ్యి కడుక్కునేసరికి ఎండ వెళ్ళిపోతుంది. ఈ వేళకి వీధి దీపాలు వెలిగి ఎంతసేపో అయ్యుండాలి. పిల్లలు చీకట్లోనే మంచు గుట్టల మీంచి జారుతుండాలి. మూడు గంటల దూరంలో ఉన్న కూతురి కళ్ళల్లో ఈ వేళ ఎండ పడే మార్గం లేదు.

ఆమె ఫోన్ మీద అరచెయ్యి కప్పింది.

"మా నాన్న ఎక్కడున్నాడు?"

జోమీ కళ్ళు మూసుకున్నాడు. "అక్క వాళ్ళింట్లో."

"నీతో తీసుకొచ్చావు. మొన్న."

"వసంతం దాకానే ఉలాయూ. బావకి పడమటన ఎడ్మంటన్‌లో పని దొరికింది. ముందే వెళ్ళిపోయాడు. అక్క రేపు వెళ్తోంది. నువ్వు అత్తని తీసుకుని ఇంటికొచ్చేదాకా పిల్లని తను చూసుకుంటానంది. నేను గనిలో, అమ్మ మంచంలో, నువ్వు ఇక్కడ. ఏం చెయ్యమంటావు? ఈ రాత్రికి నీకు చెప్పి, రేపు పొద్దున పిల్లని తెచ్చి నీకు చూపిద్దామనే..."

"చూపిద్దామనా?" ఉలాయు గొంతు మరీ సన్నబడింది. "నా బిడ్డని నాకు చూపించి తీసుకుపోతావా?"

"ఇచ్చెయ్యట్లేదు. చూసుకోవడానికి పంపిస్తున్నా."

"ఇచ్చేవాడైతే నలుగురి ముందు ఇచ్చేవాడు. ఇచ్చెయ్యడం లేదు గనకనే దాచాడన్నమాట" అంది లీటియా. "ఇదెక్కడి కొత్త పద్ధతి అల్లుడూ? మన పక్క దొంగతనంగా కుక్కపిల్లని కూడా తీసుకుపోరు."

"ఎడ్మంటన్ ఎంతని?" జోమీ గొంతు పెంచాడు. "నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ! ఇంటికి మూడు, అక్కడికి నాలుగు. ఒక్క గంట తేడాకి మీ ఇద్దరూ నన్ను దొంగని చేస్తారా?"

"అది ఇక్కణ్ణుంచి. అక్కణ్ణుంచి మన ఇంటికి ఎంత?"

ఆ రన్‌వే మీద పనిచేసేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎడ్మంటన్ నుంచి ఇకాలుయిట్‌కి తిన్నగా విమానం లేదు. ఉత్తరాన ఎల్లోనైఫ్‌కి ఒకటి, అక్కణ్ణుంచి ఇంకోటి, మధ్యలో గాలిదుమారం లేస్తే ఏదో ఒక ఊరి బెంచీ మీద పడుకోవడం.

"నువ్వే చెప్పేవాడివి" అంది ఉలాయు. "అటునుంచి దిగేవాళ్ళు ఈ రోజు ఏ వారమో మర్చిపోయి దిగుతారని నవ్వేవాడివి. మూడు గంటలు నేను ఓర్చుకున్నా జోమీ. ఎన్నిసార్లు ఓర్చుకున్నానో నీకు తెలీదు. అది నాకు అందే దూరం. నువ్వు ఇప్పుడు మా నాన్నని నా చెయ్యి అందని చోట పెడుతున్నావు. గంటలు చెప్పి మోసం చెయ్యకు."

అరచెయ్యి తీసి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. గొంతుని ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో గానీ మెత్తగానే తెచ్చుకుంది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నా. నువ్వే మాట్లాడట్లేదు."

"ఎక్కడ కూర్చున్నావ్ నాన్నా?"

"కుర్చీలో."

"సియాసీ అత్త ఇంట్లోనా?"

"చెప్పకూడదంట" అంది పిల్ల రహస్యంగా.

"చెప్పొద్దులే. ఏం కనపడుతోందో చెప్పు."

ఏం కనపడుతోందో చెప్పకూడదని పిల్లకి ఎవరూ నేర్పలేదు. "పెద్ద అద్దం. ఇల్లంత ఉంది. అద్దం అవతల విమానాలు. మన ఊళ్ళోలాగా ఒకటీ రెండూ కాదు అమ్మాయ్, బోలెడు! వరసగా నిలబెట్టారు. అత్త కాఫీకి వెళ్ళింది. కిటికీ పక్క సీటు నాకే అంది."

"రేపు కదా!" జోమీ లేచి నిలబడ్డాడు. అతని కాలు తగిలి టీ గ్లాసు అట్టమీద ఒరిగింది. "రేపు మధ్యాహ్నమని చెప్పింది నాకు. టికెట్ చూపించింది. రేపే!"

మొహంలో రక్తం లేదు. ఉలాయు ఆ మొహంలోకి తేరిపార చూసింది. తొమ్మిదేళ్ళుగా తెలిసిన మొహం. ఇప్పుడు ఇందులో ఏది నిజం? ఇది నిజంగా మోసపోయినవాడి మొహమా? లేక హీటర్ పక్కన పెట్టానని చెప్పిన మనిషి మొహమేనా? తేల్చుకునే వ్యవధి లేదు. ఆమె అప్పటికే బూట్లలో కాళ్ళు దూరుస్తోంది.

లీటియా ఫోన్ అందుకుంది.

"ఏమయ్యా."

"ఏమేవ్! నువ్వెప్పుడైనా చూశావా ఇన్ని విమానాలు?"

"చూశాలే. ఇదిగో, ఒక మాట విను. నువ్వు వెనకటికి ఒక పని చేసేవాడివి. నీకు ఇష్టం లేని చోటికి పడవ ఎక్కమంటే, మంచు మీద చతికిలబడి కూర్చునేవాడివి. నలుగురు లాగినా లేచేవాడివి కాదు. గుర్తుందా?"

"లేదు."

"పర్లేదు, నాకు గుర్తుంది. ఇప్పుడు అలాగే కుర్చీ దిగి నేలమీద కూర్చో. ఎవరు రమ్మన్నా లేవకు. చెయ్యి పట్టుకుంటే ఒళ్ళు బరువు చేసెయ్. గట్టిగా లాగితే అరిచెయ్. నువ్వు పెద్దవాడివి, నిన్నెవరూ ఏమీ అనరు."

"నేల మురిగ్గా ఉందే."

"ఉండనీ."

"ఎంతసేపు?"

"నీ కూతురు వచ్చేదాకా. బయల్దేరింది."

పిల్ల ఆలోచించింది. ఆ కాసేపట్లో అవతల ఎవరో ఆడమనిషి పెద్ద మైకులో ఊళ్ళ పేర్లు చదవడం వినిపించింది. మూడో పేరు ఎడ్మంటన్.

"సరే" అంది అకావాక్. "కూర్చున్నా."

వెంటనే ఇంకో గొంతు వినిపించింది. దూరంగా మొదలై దగ్గరికొచ్చింది. సియాసీ గొంతు. "కింద కూర్చున్నావేంటి? లే, బట్టలు పాడైపోతాయి. ఫోన్లో ఎవరే?"

"మా ఆవిడ" అంది అకావాక్.

ఫోన్ తెగిపోయింది.

లీటియా దాన్ని జోమీకి ఇవ్వలేదు. ముందు కూతుర్ని చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది. మిషను నుంచి వచ్చిన రోజు ఆవిడ నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతుంది. అయినా నడిచింది.

"నేనొస్తే మీకు ఆలస్యం. ఇక్కడే ఉంటా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అతన్ని వదిలి వెళ్ళకు. పక్కనే కూర్చోబెట్టుకో. కళ్ళ ముందు ఉంచుకో."

"వాళ్ళ అక్క మోసం చేసిందంటున్నాడుగా అమ్మా."

"అంటున్నాడు" అంది లీటియా. ఫోన్ తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది.

టాక్సీ దొరికింది. డ్రైవరు ముసలాయన, తలపాగా, తెల్లగడ్డం. విమానాశ్రయం అనగానే అద్దంలోంచి ఇద్దరి చేతులూ చూశాడు. "సామాన్లు లేవా అమ్మా?" అన్నాడు.

"లేవు. పిల్లని తెచ్చుకోవాలి. తొందరగా పోనివ్వు బాబాయ్."

ఆయన బండిని ముందుకి దూకించాడు. రాత్రి కురిసిన మంచుని రోడ్డుకి ఇరువైపులా గోడల్లా తోసి పెట్టారు. ఎండ ఆ గోడల మీద ఎర్రబడుతోంది. ఉలాయు మనసు టాక్సీ కంటే ముందు పరిగెడుతోంది. టికెట్ లేనివాళ్ళని లోపలి అద్దాల దాకా పంపరు. ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? బిడ్డ మేనత్తతోనే ఉంది, తండ్రే తెచ్చి అప్పజెప్పాడు అంటే ఏ అధికారి లేచి వస్తాడు?

"నువ్వు చెప్పాలి" అంది జోమీతో. "లోపలివాళ్ళకి నువ్వే చెప్పాలి. తండ్రివి నువ్వు. నేను ఒప్పుకోలేదు, పిల్లని దించండి అని చెప్పు. చెప్తావా?"

"చెప్తా."

"నా మొహం చూసి చెప్పు."

"చెప్తానన్నాగా!"

అప్పుడే అతని చేతిలో ఫోన్ గుర్రుమంది. మెసేజ్. జోమీ చూశాడు. చదివాడు. రెండు లైన్లుంటాయేమో, చదవడానికి క్షణం చాలు. కానీ అతను చాలాసేపు చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఫోన్ బోర్లించి తొడ మీద పెట్టుకుని, దాని మీద చెయ్యి వేశాడు.

"ఎవరు?"

"ఎవరూ కాదు."

"సియాసీయేనా? విమానం ఎక్కేసిందా? నాన్న ఎక్కాడా?"

"కాదు."

"ఏది కాదు? ఇలా ఇవ్వు."

"అందులో ఏం లేదు ఉలాయూ."

"ఏం లేకపోతే ఇవ్వు."

ఆమె చెయ్యి చాచింది. టాక్సీ పెద్ద రోడ్డెక్కి వేగం అందుకుంది. ముందు దూరంగా, ఎర్రటి ఆకాశం మీద, ఒక విమానం ముక్కు పైకెత్తి లేస్తోంది. ఏ ఊరికి పోతోందో ఇక్కణ్ణుంచి ఎవరికి తెలుస్తుంది?

జోమీ చాచిన చేతి వైపు చూశాడు. తర్వాత తన పక్క కిటికీ అద్దం దించాడు. కోసేసే చలి ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చింది. "ఏం చేస్తున్నావయ్యా!" అని డ్రైవరు కేకవేసేలోపే అతను ఫోన్‌ని బలంకొద్దీ ఆ మంచు గోడల్లోకి విసిరేశాడు.